నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?

ముందు ఆ కెమెరా బ్యాగుకి పాలిథిన్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు బిగించండి. ఇప్పుడు నా బండి వెనక ఎక్కండి. ఇది 2022 జులై 15, శుక్రవారం, భద్రాచలం. నిన్న సాయంత్రం గోదావరి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. సారపాకలో ఉన్నవాళ్ళు అవతలే, మనం ఇవతలే. ఖమ్మం నుంచి, హైదరాబాదు నుంచి స్టాఫ్ ఫొటోగ్రాఫర్లు ఇవాళ కొత్తగా వచ్చే దారి లేదు. అందుకే పొద్దుటి నుంచి నా ఫోను ఆగకుండా మోగుతోంది.

నాకు ఏ పేపర్లోనూ ఉద్యోగం లేదు. ఫొటో అచ్చయితే డబ్బులు, కాకపోతే లేవు. అచ్చయినా వచ్చేది పెట్రోలుకీ టీలకీ సరిపోతే గొప్ప. ఇల్లు గడిచేది పెళ్ళి ఆల్బమ్‌లతో, బజార్లో చిన్న స్టూడియో పెట్టి తీసే పాస్‌పోర్టు సైజు ఫొటోలతో. ఇప్పుడు ఆషాఢం, ముహూర్తాలు లేవు. గోదావరికి మాత్రం ఇదే సీజను.

కరకట్ట వచ్చింది. దిగండి, చూసుకుని అడుగేయండి, జారుతుంది. ఎర్రమట్టి నీళ్ళు చూశారా, అవతలి ఒడ్డెక్కడో తెలీకుండా ఎలా పోతున్నాయో! వేళ్ళతో సహా లేచిన చెట్లు తిరగబడుతూ కొట్టుకొస్తున్నాయి. గొడుగుల కింద నిలబడ్డవాళ్ళందరి నోటా ఒకటే మాట: "ఎంతయిందంట?" 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలూ ఇక్కడ బడిపిల్లలకి కూడా నోటికొచ్చు. ఆ మూడూ ఎప్పుడో దాటిపోయాయి. ఇప్పుడు అందరి లెక్కా 1986తోనే. ఆ ఏడాది ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. ముంపు చూసిన పాత ఇళ్ళలో "అప్పుడు ఇక్కడిదాకా" అని గోడ మీద చెయ్యి పెట్టి చూపించే పెద్దవాళ్ళున్నారు.

మీరు ఫోను తీసి నది ఫొటో తీస్తున్నారు, తీయండి. కట్ట మీదున్న అందరూ అదే తీస్తున్నారు. అందులో నీళ్ళు కనిపిస్తాయి, లోతు కనిపించదు. ఆ ఫొటో చూసి ఎవరైనా తన ఇల్లు మునిగిందో లేదో చెప్పగలరా? నేను వెతికేది నది కాదు, నదిని కొలిచే వస్తువు. కరెంటు స్తంభం, దుకాణం బోర్డు, ఇంటి మెట్లు, అరుగు, కిటికీ ఊచలు. ఊళ్ళోవాళ్ళు రోజూ చూసేదేదో ఒకటి ఫ్రేములో ఉండాలి. అది ఎంతవరకు మునిగిందో తెలియాలి.

పదండి, సుభాష్‌నగర్ వైపు. కట్ట గోదావరిని ఆపుతుంది గానీ లోపల కురిసిన వాన బయటికి పోవాలన్నా అదే కట్ట దాటాలి. తూములు మూస్తే వాన నీళ్ళు లోపలే నిలుస్తాయి, తెరిస్తే నది వెనక్కి తన్నుకొస్తుంది. మోటార్లు పెట్టి తోడుతూనే ఉన్నారు. ఈ వీధిలో కరెంటు తీసేశారు. బండి ఇక్కడే వదిలేద్దాం.

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి, చల్లగా ఉన్నాయి కదూ. కాలవ ఎక్కడుందో కనపడదు కాబట్టి గోడ పక్కనే నడవండి. పైన ఆకాశం తెల్లగా ఉంది. కెమెరాని దాని ఇష్టానికి వదిలితే ఆ తెలుపు చూసి మనుషుల మొహాలు నల్లగా తీస్తుంది. అందుకే ఒక స్టాప్ వెలుతురు పెంచి పెట్టుకున్నాను. లెన్స్ తుడవడానికి చొక్కా లోపల పొడిబట్ట ఒకటి ఉండాలి, అది తడిస్తే ఇవాళ్టి పని అయిపోయినట్టే.

ఆగండి, పడవ వస్తోంది. లైఫ్ జాకెట్లు వేసుకున్నవాళ్ళు తాడు పట్టుకుని ఇంటి గుమ్మం దాకా లాక్కొచ్చారు. లోపలి నుంచి ఒక పెద్దావిడ బయటికొచ్చింది. నెత్తి మీద మూట, చంకలో స్టీలు బిందె. నన్ను చూడగానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఈ చీరతో తీయకు నాయనా. మా అల్లుడు పేపరు చూస్తాడు."

"మొహం రాదు పెద్దమ్మా. వెనక నుంచే తీస్తా."

పడవ కదిలాక తీశాను. మూట, ఆమె వీపు, వెనక కిటికీ సగం దాకా మునిగిన ఇల్లు, గోడ మీద ఇంటి నంబరు. మొహం ఉంటే మొదటి పేజీకి వెళ్ళేదేమో. కానీ రేపు పునరావాస కేంద్రంలో ఆవిడ పక్కన కూర్చుని అన్నం తినే పదిమందికి ఆవిడే కనబడాలి, పేపర్లో పడ్డ ఫొటో కాదు. ఇంకో మాట. ఇంటి నంబరు ఫ్రేము అంచున పెట్టలేదు, చూశారా? రెండు కాలమ్‌లలో పట్టించడానికి డెస్కువాళ్ళు పక్కలు కోస్తారు. ముఖ్యమైనది అంచున ఉంటే ముందు పోయేది అదే.

కూనవరం రోడ్డు మీదుగా ఇంకాస్త ముందుకెళ్తే ఎటపాక. అది ఆంధ్రా, అల్లూరి సీతారామరాజు జిల్లా. 2014లో ఈ చుట్టుపక్కల ఊళ్ళు అటు వెళ్ళాయి. గోదావరి రెండువైపులా ఒకేలా ముంచుతుంది గానీ అక్కడి ఫొటో ఈ జిల్లా పేజీలో పట్టదు. దానికి వేరే డెస్కు, వేరే ఎడిషను. అక్కడ తీసిన ఫ్రేములు అటు పంపుతాను. ఒకే ఫ్రేము ఇద్దరికి పంపనని నాకు నేను పెట్టుకున్న నియమం.

ఆ సజ్జ కింద నిలబడదాం. కార్డు రీడరు ఫోనుకి పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. సిగ్నలు ఒక గీత చూపిస్తోంది. ఈలోగా డెస్కు నుంచి ఫోను.

"వంతెనకి నీళ్ళు తాకిన ఫొటో ఒకటి గ్రూపుల్లో తిరుగుతోందయ్యా. నీ దగ్గరుందా?"

"పంపండి సార్, చూస్తా."

వచ్చింది. మీరూ చూడండి. వంతెన ఉంది, వరద ఉంది. కానీ పక్కన కడుతున్న రెండో వంతెన ఏదీ? ఇప్పుడు ఎటు నుంచి తీసినా అది పడాలి. "ఇది పాతది సార్, వేయొద్దు" అన్నాను. ఆ ఫొటో వేయనివ్వనందుకు నాకు పైసా రాదు. అయినా రేపు వాళ్ళు నా ఫొటోని నమ్మాలంటే ఇవాళ ఈ మాట చెప్పాలి.

జిల్లా పేజీలు సాయంత్రానికే కట్టేస్తారు. క్యాప్షన్ రాయాలి. "జలదిగ్బంధంలో భద్రాద్రి" అని డెస్కు ఎలాగూ పెడుతుంది. నేను రాసి పంపేది వేరు: కాలనీ పేరు, వీధి, ఏ వైపు నుంచి తీశాను, ఎన్ని గంటలకి. వరదలో రెండు గంటలు గడిస్తే ఫొటో పాతబడుతుంది. టైము లేకపోతే అది బొమ్మ మాత్రమే.

ఇంతా చేస్తే రేపు తెల్లవారుజామున పేపరు కట్టలు వంతెన దాటవు. మనం తీసిన ఊరికే మన పేపరు రాదు. హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ఈ-పేపర్లో చూసి, ఇక్కడున్న అమ్మానాన్నలకి ఫోను చేసి అడుగుతారు: "మన వీధేనా అది?"

ఆ రాత్రి దాటి 16న తెల్లవారేసరికి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 24 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం. 1986 తర్వాత అంత ఎత్తుకి రావడం అదే మొదటిసారి. ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. 17న ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చి ముంపు కుటుంబాలకు 10,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించారు. కెమెరాలన్నీ ఆయన చుట్టూ ఉన్నాయి. నేనూ ఉన్నాను, మీరూ నా వెనకే ఉన్నారు. ఆ ఫొటోలు అచ్చయ్యాయి, డబ్బులూ వస్తాయి.

ఇప్పుడు స్టూడియోకి రండి. గుమ్మంలో బురద ఇంకా కడగలేదు, బల్ల మీద కూర్చోండి. అదిగో, చెప్పులు చేత్తో పట్టుకుని ఒకతను వస్తున్నాడు.

"అన్నా, ఆ రోజు మా వీధికొచ్చావు కదా. మా ఇల్లు ఫొటోలో పడిందా? సాయం లిస్టులో పేరు రాలేదు. నీళ్ళు లోపలికి వచ్చినట్టు కనబడాలి."

అతని వెనక ఇంకో ఇద్దరు. కంప్యూటర్లో ఆ ఫోల్డరు తెరిచాను. డెస్కు వద్దన్న ఫ్రేములు: మనుషుల్లేని సందులు, సగం మునిగిన తలుపులు, గోడ నంబర్లు. పేజీలో పెట్టడానికి ఏ డ్రామా లేదని పక్కన పడేసినవి. ప్రతి ఫైలు మీదా తేదీ, టైము ఉన్నాయి. "ఇదే అన్నా, ఇదే మా గుమ్మం" అని స్క్రీను మీద వేలు పెట్టాడు. ప్రింటర్లో కాగితం పెట్టాను. ఈ వారం నా స్టూడియోలో గిరాకీ ఉన్నది అచ్చుకాని ఫొటోలకే.