దూలగొండి గింజలో ఏముంది?

మా పెదనాన్నకి పార్కిన్సన్స్ అని తేలిన వారానికే ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. దూలగొండి గింజల పొడి తింటే చాలట, మాత్రలు అక్కర్లేదట, ఇదంతా మన ఋషులకి ఎప్పుడో తెలుసట. అబద్ధమని తేల్చేద్దామని కూర్చున్నాను. అంత తేలిగ్గా తేలలేదు.

ముట్టుకుంటే ఒళ్ళంతా దురద పుట్టించే ఆ కాయని ఆయుర్వేదంలో కపికచ్ఛు అంటారు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయం బయోకెమిస్ట్రీ ల్యాబులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దాని గింజల్లోంచి ఎల్-డోపాని వేరుచేశారు. పెదనాన్న మాత్రలో ఉన్న లెవోడోపా సరిగ్గా అదే. ఫార్వర్డులో ఋషులున్నారు కానీ వీళ్ళిద్దరూ లేరు. నాకు చిరాకంతా అక్కడే.

అయితే ఆ పదార్థం ఏ జబ్బుకి మందో అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలీదు. 1913లోనే గుగ్గెన్‌హైమ్ దాన్ని యూరప్‌లో పండే ఒకరకం చిక్కుడు నుంచి తీసి, రెండున్నర గ్రాములు తనే మింగి వాంతులు చేసుకున్నాడు. మందు ముందే దొరికింది. రోగం ఎక్కడుందో దొరకలేదు.

అది దొరకడానికి మళ్ళీ ఒక మన మొక్కే సాయం చేసింది. 1957లో స్వీడన్‌లో కార్ల్‌సన్, సర్పగంధి నుంచి వచ్చే రిసర్పిన్‌ని కుందేళ్ళకి ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. డోపా ఎక్కిస్తే లేచి తిరిగాయి. 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ కలిసి చనిపోయిన పార్కిన్సన్స్ రోగుల మెదళ్ళు పరీక్షించారు. కదలికల్ని నడిపే భాగంలో డోపమీన్ బాగా తగ్గిపోయి ఉంది. మరుసటేడు బిర్క్‌మేయర్ ఎల్-డోపా ఇంజెక్షన్లిస్తే, మంచం దిగలేనివాళ్ళు కొన్ని గంటలపాటు నడిచారు. మద్రాసు పేపరు వచ్చి అప్పటికి 24 ఏళ్ళు.

1967లో న్యూయార్క్‌లో కోట్జియాస్ డోసు నెమ్మదిగా పెంచుతూ నోటిద్వారా ఇచ్చే పద్ధతి చూపించాడు. తర్వాత కార్బిడోపా కలిపాక వాంతులు తగ్గాయి, మందు కూడా మెదడుకి ఎక్కువగా చేరింది. ఇప్పటికీ ప్రధానమైన మందు ఇదే. కణాలు చనిపోవడాన్ని మాత్రం ఇది ఆపలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ దీని పట్టు సడలుతుంది, ఒళ్ళు తనంతట తాను మెలికలు తిరగడం మొదలవుతుంది.

2004లో లండన్‌లో 8 మంది రోగుల మీద దూలగొండి పొడినే పరీక్షించారు. మామూలు మాత్రకన్నా త్వరగా పనిచేసింది కూడా. కానీ వాళ్ళు పొడిలో లెవోడోపా ఎంతుందో లెక్కకట్టి ఇచ్చారు. బజార్లో కొన్న పొట్లంలో ఎంతుందో ఎవరు చెప్తారు?

ఇదంతా చెప్తే పెదనాన్న విని, "అయితే ఆ గింజా ఈ మాత్రా ఒకటేనా?" అన్నారు.

"లోపలున్న మందు ఒకటే పెదనాన్నా. అట్ట మీద ఎంత రాసుందో చూడండి."

కళ్ళజోడు కోసం తడుముకున్నారు.