రేడియోలో మన పాటకు పేరెందుకు ఉండదు?

(గొంతుల చరిత్ర - 9)



పోయిన వారం కాలేజీ నుంచి ఇంటికి షేర్ ఆటోలో వస్తున్నాను. ముప్పావుగంట ప్రయాణం. ఆటో అన్న ఎఫ్ఎం పెట్టాడు. ఆ ముప్పావుగంటలో నాలుగు పాటలు వచ్చాయి. మిగతాదంతా ప్రకటనలు, జాకీ నవ్వులు. నాలుగింటిలో మూడు పొద్దున వెళ్లేటప్పుడు విన్నవే. ఆ మూడింటిలో రెండు డప్పు దరువు మీద నడిచినవి. జాకీ హీరో పేరు చెప్పింది. సినిమా ఎన్ని కోట్లు వసూలు చేసిందో చెప్పింది. పాట రాసిందెవరో, పాడిందెవరో చెప్పలేదు. ఇక డప్పు కొట్టిందెవరో సరేసరి.

పక్కన కూర్చున్న రిటైర్డ్ మాస్టారు విసుక్కున్నారు. "ఇవేం పాటలు మేడమ్, మా రోజుల్లో రేడియో అంటే సంగీతం. ఇప్పుడంతా డప్పుల మోత."

నాకూ విసుగే. కానీ ఆయన విసుగు, నా విసుగు ఒకటి కాదు. ఆయనకు డప్పు వినబడుతున్నందుకు బాధ. నాకు డప్పు వినబడి మనిషి వినబడనందుకు బాధ. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే "మా రోజుల్లో రేడియో" దగ్గరికి వెళ్లాలి.

ఆ రోజుల కథ ఇది. 1938 జూన్ 16న మద్రాసులో ఆల్ ఇండియా రేడియో కేంద్రం మొదలైంది. తెలుగు మాట, తెలుగు పాట చాలాకాలం అక్కడి నుంచే వచ్చాయి. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం వచ్చింది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఈ కేంద్రాలు చేసిన మంచిని నేను కాదనను. బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటి వాళ్లు లలిత సంగీతానికి ఒక రూపం ఇచ్చారు. భక్తిరంజని వింటూ తెల్లవార్లు మొదలుపెట్టిన ఇళ్లు వేలల్లో ఉంటాయి. తెలుగు చదువుకున్నదాన్ని, ఆ భాష మీద నాకూ మమకారం ఉంది.

కానీ ప్రభుత్వ రేడియో మొదటి నుంచీ "మంచి సంగీతం" అంటే ఏమిటో తానే తేల్చే పని పెట్టుకుంది. తేల్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు గేటు బయట నిలబడ్డారు.

ముందు నిలబడింది హార్మోనియం. 1940లో దాన్ని రేడియోలో నిషేధించారు. విదేశీ వాయిద్యం, గమకాలు పలకదు అన్నారు. ఆ మాటలో సంగీతశాస్త్రం కొంత ఉండొచ్చు. కానీ ఈ దేశంలో గురువు దగ్గర ఏళ్ల తరబడి కూర్చునే వీలు లేనివాళ్లకు చేతికందిన వాయిద్యం అదే. సురభి నాటకాల వాళ్లది, వీధి భాగోతాల వాళ్లది, భజన మండళ్లది, చర్చి పాటలది. మన వాడల్లో క్రీస్తు పాట, అంబేడ్కర్ పాట రెండూ హార్మోనియం పెట్టె మీదే పుట్టాయి. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది. అంటే 31 ఏళ్లు.

తర్వాత వంతు ఆడవాళ్లది. 1946లో తాత్కాలిక ప్రభుత్వంలో సమాచార, ప్రసార శాఖ చూసిన వల్లభభాయ్ పటేల్ హయాంలో ఒక నియమం పెట్టారు. వ్యక్తిగత జీవితం గురించి లోకం గుసగుసలాడే గాయనులను రేడియోకు రానివ్వకూడదని దాని సారాంశం. అంత వరకు రేడియోకూ గ్రామఫోనుకూ గొంతునిచ్చిన తవాయిఫ్‌ల మీద దెబ్బ పడింది. మన వైపు కలావంతుల ఇళ్ల ఆడవాళ్లనూ లోకం అదే చూపుతో చూసింది. మరుసటి ఏడే, 1947లో, మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థను రద్దు చేస్తూ చట్టం వచ్చింది. ఆ వ్యవస్థ పోవాల్సిందే, దానిలో రెండో మాట లేదు. కానీ జరిగిందేమిటో చూడండి. వాళ్లు పాడిన పదాలు, జావళులు రేడియోలో ఉండిపోయాయి. గౌరవం మాత్రం పెద్ద కులాల గొంతుల్లోకి వెళ్లాక వచ్చింది.

ఆ తర్వాత వచ్చాడు బి.వి. కేస్కర్. 1952 నుంచి 1962 దాకా పదేళ్లు ప్రసార శాఖ మంత్రి. సినిమా పాటంటే ఆయనకు గిట్టదు. పాటతో పాటు సినిమా పేరు చెబితే అది ప్రకటన అవుతుందని, పేరు చెప్పడం మానేశారు. నిర్మాతలకు కోపం వచ్చింది, అనుమతులు వెనక్కి తీసుకున్నారు. సినిమా పాట ఆకాశవాణి నుంచి దాదాపు మాయమైంది. ఆ ఖాళీలో శాస్త్రీయ సంగీతం నింపితే జనం రుచి బాగుపడుతుందనుకున్నారు.

జనం ఏం చేశారు? ముల్లు తిప్పారు. యుద్ధకాలం నాటి బలమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ ఉన్న రేడియో సిలోన్ దగ్గర ఆపారు. అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా అక్కడి నుంచే. మన తెలుగు సినిమా పాటలు మీనాక్షి పొన్నుదురై గొంతు పరిచయంతో వచ్చిందీ అక్కడి నుంచే. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి 1957 అక్టోబర్ 3న వివిధ్ భారతి మొదలుపెట్టింది. మంత్రి రుచి మీద మామూలు శ్రోత గెలిచిన సందర్భం అది. మాస్టారు లాంటి వాళ్లు ప్రాణంగా తలుచుకునే పాత సినిమా పాటలు కూడా ఒకప్పుడు రేడియో గడప తొక్కడానికి పనికిరానివే! ఆ సంగతి ఆటోలో ఆయనకు చెప్పాను. నవ్వి ఊరుకున్నారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

1950లలో ఆకాశవాణి ఆడిషన్ పద్ధతిని కట్టుదిట్టం చేసింది. పాడేవాళ్లు తెర వెనుక ఉంటారు, నిర్ణేతలకు గొంతు మాత్రమే వినబడుతుంది. మనిషి కనబడడు కాబట్టి పక్షపాతం ఉండదన్నారు. కులం కంటికే కనబడుతుందా? యాసలో వినబడదా? శ్రుతి, తాళం అని దేన్ని అంటున్నామో దాంట్లో ఉండదా?

మా ఇంటి కథ ఒకటి చెబుతాను. మా చిన్నతాత డప్పు కొట్టేవాడు. చుట్టుపక్కల పది ఊళ్లలో ఆయన దరువు తెలియనివాళ్లు లేరు. ఎవరో చెబితే ఒక రేడియో కేంద్రానికి ఆడిషన్‌కు వెళ్లాడు. డప్పు తోలు వాయిద్యం. కొట్టే ముందు మంట సెగకు కాచాలి, అప్పుడే తోలు బిగిసి కంగుమంటుంది. స్టూడియోలో చల్లగాలి మిషను. తోలు మెత్తబడిపోయింది. "అయ్యా, బయట ఇంత గడ్డి మంటేసుకుని కాచుకొస్తాను" అన్నాడట. "ఇక్కడ నిప్పు పెట్టకూడదు, అట్లాగే కొట్టు" అన్నారట. అట్లాగే కొట్టాడు. చిర్ర, చిటికెన పుల్ల చంకలో పెట్టుకుని వచ్చేశాడు. మళ్లీ పోలేదు. మా ఇంట్లో ఈ కథ నవ్వుకోవడానికి చెప్పుకునేవాళ్లు. నేను పీహెచ్‌డీ చేసేటప్పుడు గానీ అందులో నవ్వు ఎంతో, ఏడుపు ఎంతో అర్థం కాలేదు. ఆయన్ని ఎవరూ తిట్టలేదు, తరమలేదు. ఆ గది ఆయన వాయిద్యం కోసం కట్టింది కాదు, అంతే.

మరి రేడియోలో మన పాట లేదా? ఉంది. నాట్ల పాట, కోతల పాట, దంపుళ్ల పాట, జాజిరి పాట అన్నీ వచ్చాయి. వింజమూరి సీత, అనసూయ లాంటి వాళ్లు పల్లె పాటలను సేకరించి, నేర్చుకుని, మద్రాసు రేడియోలో పాడారు. అది చిన్న పని కాదు. వాళ్లు రాసి పెట్టకపోతే చాలా పాటలు పోయేవి. కానీ రేడియో ప్రకటన వినండి. లలిత గీతానికి రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా. మన పాటకు మాత్రం "జానపదం". రచన చోట జానపదం, బాణీ చోట జానపదం. పేరు దక్కేది పాడినవాళ్లకో సేకరించినవాళ్లకో. బురదలో వంగి నాటు వేస్తూ ఆ పాట కట్టిన ఆడమనిషికి ఊరుంది, ఇంటి పేరుంది, పిల్లలున్నారు. రేడియో దృష్టిలో ఆమె "జానపదం".

సాహిత్యం చదివినవాళ్లకు ఈ వరస కొత్త కాదు. ఎంకి పాటలు అందరికీ ఇష్టం, నాకూ ఇష్టం. రాసిన నండూరి సుబ్బారావు గారు ప్లీడరు. పల్లె ఆడమనిషి గొంతు ప్లీడరు గారి కలంలోంచి వస్తే కావ్యమైంది. అసలు ఎంకి నోరు తెరిస్తే ఆడిషన్ పాసయ్యేదా?

మనవాళ్లు అసలు లోపలికి వెళ్లలేదా అంటే, వెళ్లారు. మహాకవి గుర్రం జాషువా 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో ప్రొడ్యూసర్‌గా పనిచేశారు. మనకది గర్వకారణం. కానీ ఆయన ఆ గడప దాటింది పద్యం చేతపట్టుకుని. ఎవరి గెలుపు కొలబద్దలైతే ఆ గేటు పెట్టాయో, ఆ ఛందస్సులోనే వాళ్లను మించి చూపించి లోపలికి నడిచారు. పద్యానికి తెరుచుకున్న తలుపు డప్పుకు తెరుచుకోలేదు.

అందుకే మన పాట 1980ల్లో క్యాసెట్టు దారి పట్టింది. కారంచేడు 1985లో, చుండూరు 1991లో. ఆ నెత్తుటి ఏళ్లలో మనల్ని కూడగట్టిన పాటలు ఏ కేంద్రమూ వేయలేదు. సంతలో కొన్న ఖాళీ క్యాసెట్టులో చేతులు మారాయి. ఒకరి టేప్‌రికార్డర్ పక్కన ఇంకొకరిది పెట్టి కాపీ చేసుకున్నాం. దానికి ఆడిషన్ లేదు, గ్రేడు లేదు.

ఇక ఎఫ్ఎం. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. తీర్పు రాసినవారిలో జస్టిస్ పి.బి. సావంత్, మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. ప్రజల ఆస్తి అన్నాక ప్రభుత్వం ఏం చేసింది? వేలం పెట్టింది. 2001లో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్ఎం వచ్చింది, కొన్నేళ్లకు మన నగరాలకూ వచ్చాయి. లక్షలూ కోట్లూ పెట్టి లైసెన్సు కొన్నవాడు ఆ డబ్బు ప్రకటనల్లో రాబట్టుకోవాలి. అందుకే హిట్టయిన పాటే మళ్లీ మళ్లీ. పైగా సొంత వార్తలు చెప్పే హక్కు వాటికి లేదు. ఆకాశవాణి వార్తలే తిరిగి వినిపించాలి. మన ఊళ్లో మనల్ని కొట్టినా ఆ స్టేషన్ చెప్పదు, మన దరువు మాత్రం రోజంతా వేస్తుంది.

ఒక్క ఉదాహరణ. భీమ్లా నాయక్ టైటిల్ పాట మొదట్లో వినబడే గొంతు దర్శనం మొగులయ్యది. నాగర్‌కర్నూల్ జిల్లా. పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు. మాదిగల కథలు తరతరాలుగా మోసుకొచ్చిన డక్కలి వాళ్ల బిడ్డ. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ పాట ఆటోల్లో, హోటళ్లలో నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఒక్కసారి కూడా జాకీ నోట ఆయన పేరు వినలేదు. 2024లో ఆయన కూలి పని చేస్తున్న వీడియో వార్తల్లోకి వచ్చింది.

పాత రేడియో మన పాటకు "జానపదం" అని పేరు పెట్టింది. కొత్త రేడియో ఆ మాత్రం కూడా పెట్టడం లేదు.

మరి వేరే రేడియో సాధ్యమా? సాధ్యమే, మన దగ్గరే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు నడిపేది. లైసెన్సు రాకముందు దాదాపు పదేళ్లు వాళ్లు క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో అనుమతి ఇచ్చే విధానం వచ్చాక, 2008 అక్టోబర్ 15న గాలిలోకి వచ్చారు. ప్రారంభించింది ఎవరో తెలుసా? 1995 తీర్పు రాసిన జస్టిస్ సావంతే. మైకు ముందు కూర్చుంది నరసమ్మ అనే పేరున్న ఇద్దరు దళిత మహిళలు. జొన్నలు, కొర్రలు, పండగలు, పాటలు అన్నీ వాళ్ల యాసలోనే. పాడినామె ఏ ఊరి మనిషో వినేవాళ్లకు తెలుసు. అక్కడ "జానపదం" అనే మాటతో పని లేదు.

నేనడిగేది పెద్ద కోరిక కాదు. ప్రభుత్వ రేడియోలైనా ప్రైవేటు రేడియోలైనా పాట వేసినప్పుడు రాసినవాళ్ల, పాడినవాళ్ల, వాయించినవాళ్ల పేర్లు చెప్పాలి. ఆడిషన్‌కు డప్పు పట్టుకుని వచ్చినవాడికి బయట ఇంత మంటేసుకునే చోటు చూపాలి. మన బిడ్డలు చదివే యూనివర్సిటీలు, కాలేజీలు కమ్యూనిటీ రేడియోకు అర్హమైనవే. దరఖాస్తు పెట్టమని మనం అడగాలి. మా కాలేజీలో నేను అడిగాను. ఫైలు కదలలేదు, మళ్లీ అడుగుతాను.

ఈలోగా మీరొక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు పాడే పాట ఒకటి ఫోన్‌లో రికార్డు చేయండి. ముందు వాళ్ల పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఆ తర్వాతే పాట.

వచ్చే ఆదివారం క్యాసెట్ల కథ చెప్పుకుందాం.

జై భీమ్.