కుదువ పోయిన కడియాల చరిత్ర

కరీంనగర్ వెండి గురించి రాసినవాళ్లంతా పాన్‌దాన్‌తోనే మొదలుపెడతారు. ఎలగందుల తీగపని, నవాబుల అత్తరుదాన్లు, 2007లో వచ్చిన భౌగోళిక గుర్తింపు. అక్కడితో చరిత్ర అయిపోతుంది. 2016 దాకా అదే జిల్లాలో ఉన్న కోనరావుపేట లాంటి ఊళ్లలో, మా వాడల్లో ఆడవాళ్ల కాళ్లకున్న వెండి ఏమైనట్టు?

కాలం మంచిగైన ఏడు తులాల లెక్కన కొని కడియాలు చేయించుకునేవాళ్లు. సోకు ఉండేది, ఎందుకుండదు! కానీ బ్యాంకు గడప ఎక్కనివ్వని ఇంటికి ఆ కడియమే బ్యాంకు. కరువుకో చావుకో సావుకారి దగ్గర కుదువ పెట్టేవాళ్లు. మిత్తి మీద మిత్తి పెరిగి విడిపించుకోలేనిది కుంపట్లో కరిగిపోయేది. మ్యూజియంలో పెట్టడానికి ఏం మిగిలింది?

వేసుకునే హక్కు కూడా అందరికీ లేదు. 1928లో ఇండోర్ జిల్లాలో సవర్ణులు బలాయీ కులస్తులకు పెట్టిన షరతుల్లో, వాళ్ల ఆడవాళ్లు వెండి బంగారాలు వేసుకోవద్దన్నది ఒకటి. ఒప్పుకోనందుకు బావినీళ్లు బంద్ చేశారు. అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో దీన్ని రికార్డు చేశారు. అంతకుముందు 1927 డిసెంబరులో మహద్‌లో, అంటరానితనాన్ని గుర్తుపట్టించే పాతరకం నగలు తీసేయమని ఆడవాళ్లకు చెప్పిందీ ఆయనే. ఈ రెండింటినీ కలిపి చదవాలని మేము అంటున్నాం.

ఇక చేసే మనిషి సంగతి. ఔసులాయన వెండి కడ్డీని కమ్మచ్చు బెజ్జాల్లోంచి లాగి లాగి వెంట్రుకంత తీగ చేస్తడు. రెండు తీగల్ని మెలేసి, చదును చేసి, చుట్టలు చుట్టి చట్రంలో పేరుస్తడు. వెలిగారం వేసి, టంకంతో అతుకుతడు. మంట కొంచెం ఎక్కువైతే పనంతా ముద్దయితది. ఇందులో వెండి తక్కువ, చెయ్యి ఎక్కువ. తూకం ధరకే ఇమ్మని బేరమాడేవాళ్లు ఆ చేతిపనికి కూలి ఎగ్గొడుతున్నట్టే. 925 ముద్ర అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి అని మాత్రమే. అది అచ్చుపోసిందా చేతితో చేసిందా, చేసినాయనకు ఎంత ముట్టింది అన్నది ముద్ర చెప్పదు. కొనేవాళ్లు నోరు తెరిచి అడగాలి. తిరిగి అమ్మబోతే మాత్రం పువ్వయినా కడియమైనా ముద్ద లెక్కే, తరుగు తీసేసి.

పాత కుదువ చిట్టీలు ఎవరింట్లోనైనా ఉంటే పారేయకండి. తులానికి ఎంతిచ్చారు, మిత్తి ఎంత, మన అవ్వల పేర్లు ఎట్లా రాశారు, ఇవన్నీ మేము చూడాలి.