పుట్టిల్లు డెలవేర్, కాపురం కాలిఫోర్నియా

ఎనిమిదేళ్ళ కిందట నేనూ మా రూమ్మేటూ కలిసి ఒక చిన్న ఆప్ రాసి, దాని కోసం ఒక ఎల్.ఎల్.సి. పెట్టాం. మేం ఉండేది కాలిఫోర్నియాలో. కంపెనీ రిజిస్టర్ చేసింది మాత్రం ఇద్దరమూ అప్పటికి కాలుపెట్టని డెలవేర్‌లో. "అక్కడ టాక్సుండదురా, అందరూ అక్కడే పెడతారు," అన్నాడు వాడు. సెలవులకి వెళ్ళినప్పుడు హైదరాబాదులో నాగాలాండ్ నంబరున్న ప్రైవేటు బస్సులు ఎక్కినవాళ్ళమే కాబట్టి, ఈ లెక్క మాకేమీ వింతగా అనిపించలేదు.

రెండేళ్ళయ్యాక కాలిఫోర్నియా నుంచి పన్ను నోటీసు వచ్చింది. అప్పటికి ఆప్ మీద మాకు వచ్చిన డబ్బు మొత్తం నాలుగు వందల డాలర్లు కూడా లేదు. కట్టాల్సింది మాత్రం ఏడాదికి 800 డాలర్ల చొప్పున రెండేళ్ళది, దాని మీద జరిమానా, వడ్డీ. లాభం వచ్చినా రాకపోయినా కట్టాల్సిన కనీస పన్ను అది. డెలవేర్‌కి ఏటా కట్టే 300 డాలర్లూ, అక్కడ మా తరఫున ఉత్తరాలు అందుకునే ఏజెంటు ఫీజూ వేరే. తప్పు మాదే, ఏమీ చదవకుండా దిగాం. మరి అంత చిన్న రాష్ట్రం పేరు అందరి నోటా ఎందుకుంది? అది తెలుసుకుందామని అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

కథ మొదలయ్యేది డెలవేర్‌లో కాదు, నదికి అవతలి ఒడ్డునున్న న్యూజెర్సీలో. పందొమ్మిదో శతాబ్దంలో కంపెనీలంటే రాష్ట్రాలకి అనుమానం. ఎంత మూలధనం ఉండొచ్చు, ఏ పని చెయ్యొచ్చు అని హద్దులు పెట్టేవి. ఒక కంపెనీ ఇంకో కంపెనీ వాటాలు కొనడం మామూలుగా కుదిరేది కాదు. 1880ల చివర్లో న్యూజెర్సీ ఆ కట్టు తెంచేసింది. పెద్ద పెద్ద ట్రస్టులన్నీ అక్కడికి చేరాయి. రాక్‌ఫెల్లర్ స్టాండర్డ్ ఆయిల్ సామ్రాజ్యం 1899లో న్యూజెర్సీ కంపెనీ గొడుగు కిందకి వచ్చింది. ఫీజులతో రాష్ట్ర ఖజానా నిండింది. 1905లో లింకన్ స్టెఫెన్స్ అనే పత్రికా రచయిత న్యూజెర్సీని ద్రోహి రాష్ట్రమని పేరుపెట్టి మరీ తిట్టాడు.

పక్కింటివాళ్ళ సంపాదన చూసిన డెలవేర్ 1899లో అలాంటి చట్టమే తెచ్చింది, ఇంకాస్త తక్కువ ఫీజుతో. ఆ తర్వాత 1913లో, అధ్యక్ష పదవి చేపట్టే ముందు, న్యూజెర్సీ గవర్నరుగా ఉడ్రో విల్సన్ ట్రస్టుల మీద ఏడు చట్టాలు తెచ్చాడు. వాటికి 'సెవెన్ సిస్టర్స్' అని పేరు. ఈ ఏడుగురు అక్కచెల్లెళ్ళ దెబ్బకి కంపెనీలు డెలవేర్‌కి దారిపట్టాయి. కొన్నేళ్ళకి న్యూజెర్సీ మనసు మార్చుకుని ఆ చట్టాల్ని చాలావరకు రద్దు చేసింది గానీ, పోయినవాళ్ళు తిరిగి రాలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ పోటీలో రాష్ట్రాలు అమ్మిన అసలు సరుకు పన్ను మినహాయింపు కాదు, కంపెనీ నడిపేవాళ్ళకి అనుకూలమైన చట్టం. వాటాదారులకీ డైరెక్టర్లకీ తగాదా వస్తే జ్యూరీ లేకుండా తేల్చే ఛాన్సరీ కోర్టు కూడా డెలవేర్‌లో 1792 నుంచే ఉంది. రాక్‌ఫెల్లర్‌ లాంటివాళ్ళకి పనికొచ్చే సరుకు అది. ఇద్దరే యజమానులున్న మా కంపెనీలో తగాదా అంటే గిన్నెలు ఎవరు కడగాలన్నదే!

పన్ను కథ వేరేగా నడిచింది. కంపెనీని వేరే రాష్ట్రం పౌరుడిలా చూడక్కర్లేదని, లోపలికి రానివ్వడానికి షరతులు పెట్టొచ్చని 1869లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఈనాటికీ కాలిఫోర్నియా దృష్టిలో డెలవేర్ కంపెనీ 'ఫారిన్' కంపెనీ. వీసా మీద వచ్చిన నన్ను పన్ను ఫారాలు 'ఏలియన్' అన్నాయి, నా కంపెనీని 'ఫారిన్' అన్నాయి. మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

1959లో ఇంకో తీర్పు వచ్చింది. అయోవాలోని ఒక సిమెంటు కంపెనీకి మినియాపొలిస్‌లో చిన్న అమ్మకాల ఆఫీసు ఉండేది. అక్కడి వ్యాపారానికి చెందే లాభం వాటా మీద మిన్నెసోటా పన్ను వెయ్యొచ్చంది కోర్టు. 2018లో వేఫెయిర్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, అమ్మకపు పన్ను వసూలు చేయించడానికి కంపెనీకి ఆ రాష్ట్రంలో ఆఫీసో గోడౌనో ఉండక్కర్లేదంది.

మా వాడు చెప్పినదాంట్లో సగం నిజం లేకపోలేదు. తన గడ్డ మీద వ్యాపారం చెయ్యని కంపెనీ నుంచి డెలవేర్ ఆదాయపు పన్ను అడగదు. మిగతా సగమే ఎవరూ చెప్పరు: వ్యాపారం జరిగే రాష్ట్రం అడుగుతుంది. మా వ్యాపారం మొత్తం కాలిఫోర్నియాలో మా డైనింగ్ టేబుల్ మీదే జరిగింది.

చివరికి బాకీ కట్టేసి, డెలవేర్ కంపెనీని మూసేశాం. మొన్న మా పిన్ని కొడుకు టెక్సస్ నుంచి ఫోన్ చేసి, "అన్నయ్యా, కంపెనీ డెలవేర్‌లో పెట్టమంటావా?" అని అడిగాడు. పెద్ద పెట్టుబడిదారులెవరైనా వస్తున్నారా అంటే లేదన్నాడు. వాళ్ళొస్తే డెలవేరే కావాలంటారు, అప్పుడు చూసుకోవచ్చు. "మరి నువ్వెక్కడ కూచుని పని చేస్తావు?" అన్నాను. "మా ఇంట్లోనే," అన్నాడు.

"అయితే అక్కడే పెట్టుకో," అన్నాను.