వానలో ముఖలింగం

మొన్న శ్రావణంలో ఒక వానరోజు మా అమ్మని తీసుకుని విజయనగరంలో పలాస పాసింజరు ఎక్కాను. నాన్న పోయాక అమ్మ మా ఇంట్లోనే ఉంటోంది. ఏడాది కావస్తున్నా బట్టలు ఇంకా సంచీలోనే. బీరువాలో ఒక అర ఖాళీ చేసిచ్చినా సర్దుకోదు. "అల్లుడింట్లో ఎన్నాళ్ళుంటానే" అన్నదొకటే మాట.

పొందూరు దాటాక వాన జోరందుకుంది. ఆమదాలవలస ముందు నాగావళి ఎర్రగా, నిండుగా పారుతోంది. తిలారులో దిగి, ఆటో మాట్లాడుకుని శ్రీముఖలింగం చేరేసరికి ఇద్దరం సగం తడిసిపోయాం.

వంశధార ఒడ్డున ఇప్పుడది చిన్న పల్లె. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఊరి మొదట్లో సోమేశ్వరాలయం, లోపల మధుకేశ్వరుడు. ఇప్పచెట్టు మొదట్లో శివుడు ముఖం చూపించాడట, మధూకమంటే ఇప్పే కదా. గుడిలో తెలుగు శాసనాలున్నాయి, అఖండదీపాలకిచ్చిన దానాలు ఎన్నో వాటిలో. బియ్యే తెలుగు చదివానన్న మాటే గానీ, ఆ లిపి ముందు నేను ఒకటో తరగతి పిల్లనే.

వాన తగ్గేదాకా మండపంలో కూర్చున్నాం. "ఏ రాజులే వీళ్ళు?" అంది అమ్మ.

అనంతవర్మ చోడగంగదేవుడి గురించి చెప్పాను. 1078లో పట్టాభిషేకం, దాదాపు 70 ఏళ్ళ ఏలుబడి. పూరీ జగన్నాథుడి పెద్దగుడి మొదలుపెట్టింది ఆయనే. తర్వాత రాజధాని కటకానికి మారడంతో ఈ ఊరు ఇలా మిగిలింది. ఆయన తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. గంగ తండ్రి వంశం, చోడ తల్లి వంశం.

"అంటే కన్నోరింటి పేరు కొడుక్కెట్టుకుందన్నమాట!" అమ్మ మొహం కాస్త విప్పారింది.

నాకు హుషారొచ్చింది. మనకి నన్నయగారి చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడు తెలుసు కదా, ఆయన భార్య అమ్మంగదేవి కూడా చోళ రాకుమారే. వాళ్ళబ్బాయి కులోత్తుంగుడు 1070లో అమ్మ వైపు నుంచే చోళ సింహాసనం ఎక్కాడు. కాలేజీలో తండ్రి గురించి పేజీలకి పేజీలు రాశాం, అమ్మంగదేవి గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

అక్కడితో ఆపాల్సింది. ఆ కులోత్తుంగుడి సేనే తర్వాత కళింగం మీద పడిందని, ఆ గెలుపు మీద తమిళంలో కళింగత్తుప్పరణి అనే కావ్యమే ఉందని కూడా చెప్పేశాను.

"చూశావా మరి," అంది అమ్మ, "సుట్టరికం సుట్టరికమే, ఇల్లు ఇల్లే."

నాకేం చెప్పాలో తోచలేదు. అర్చన చేయించాం. పూజారి గారు గోత్రం అడిగితే నేను మా ఆయనది చెప్పాను. అమ్మ నాన్నది చెప్పింది. ఒకే పళ్ళెంలో రెండు గోత్రాలు.

రాత్రి ఇంటికొచ్చాక తడిచీర మార్చుకోవడానికి సంచీ విప్పి, రెండు చీరలు తీసి అరలో పెట్టింది. సంచీ మాత్రం ఇంకా మంచం కిందే ఉంది.