ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తించకపోతే... చదువుకు సాయమెక్కడ?

కౌన్సెలింగులో సీటు వచ్చిందన్న సంతోషం కేటాయింపు పత్రం చేతికందేవరకే. అందులో 'చెల్లించవలసిన రుసుము' అన్నచోట సున్నాకు బదులు ఆరంకెల మొత్తం కనిపించినప్పుడు ఎన్నో కుటుంబాల్లో ఆ సాయంత్రమే లెక్కలు మొదలవుతాయి. అప్పు ఎవరినడగాలి, బంగారం ఎక్కడ కుదువపెట్టాలి, లేదా సీటు వదులుకోవాలా? ప్రభుత్వ పథకం తమకు వర్తించదని ఆ రోజే తెలుసుకునేవారు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. అలాంటివారికి ప్రైవేటు ధర్మనిధులు, సంస్థలు ఇచ్చే ఉపకార వేతనాలు లేకపోలేదు. అయితే వాటిలో అధికభాగం మొదటి ఏడాదిలో, అదీ కొద్ది వారాలపాటే తెరచి ఉంటాయి.

గీతకు అవతల ఎవరు?

వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంటు ఉమ్మడి రాష్ట్రంలో లక్షలాది మందిని ఇంజినీరింగు కళాశాల గడప తొక్కించింది. పథకం ఎంత పెద్దదైనా దానికో గీత ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు ఉత్తర్వులు ఆ గీతను వార్షికాదాయం రూ.2.50 లక్షల దగ్గర గీశాయి. పది ఎకరాల మాగాణి లేదా పాతిక ఎకరాల మెట్ట దాటితే, ఆదాయపు పన్ను కడితే, ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే, సొంత కారు ఉంటే అర్హత పోతుంది. పారిశుద్ధ్య కార్మికులకు, టాక్సీ, ఆటో, ట్రాక్టరు నడుపుకునేవారికి మినహాయింపునిచ్చారు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు రూ.2 లక్షలు, బీసీ, ఈబీసీలకు గ్రామాల్లో రూ.1.50 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు పరిమితి.

ఆదాయం సరిపోయినా సీటు రకం అడ్డుపడవచ్చు. యాజమాన్య కోటా, స్పాట్ ప్రవేశాలు, దూరవిద్య పథకం పరిధిలోకి రావు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో నేరుగా చేరినవారికీ అంతే. పీజీ విద్యార్థులకు మరో అనుభవం ఎదురైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు ఉత్తర్వుతో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చేరేవారికి సాయం ఆగింది. నిబంధన మారితే నిరుటి సీనియరుకు వచ్చింది ఈ ఏటి జూనియరుకు రాకపోవచ్చని దానితో అందరికీ తెలిసివచ్చింది.

తెలంగాణలో సగం గీత కూడా ఉంది. ఇంజినీరింగులో పదివేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి పూర్తి రుసుము, ఆపైవారికి కొన్ని మినహాయింపులు పోగా రూ.35 వేలే అందుతుంది. కళాశాల రుసుము లక్ష అయితే మిగతా రూ.65 వేలు ఏటా ఇంటి నుంచే రావాలి. ఈ వ్యత్యాసాన్ని లెక్కించకుండానే వెబ్ ఆప్షన్లు పెట్టేవారు ఎక్కువ.

మంజూరైన సాయం సమయానికి అందకపోవడం మరో వెత. బకాయిలు చెల్లించాలంటూ 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలు మూతపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి సొమ్మును తల్లుల ఖాతాల్లో వేసి కళాశాలకు కట్టమన్నారు. 2024లో ప్రభుత్వం మారాక తిరిగి నేరుగా కళాశాలలకే చెల్లించాలని నిర్ణయించారు. పద్ధతి ఏదైనా, విడుదల ఆలస్యమైనప్పుడు హాల్‌టికెట్టు దగ్గర నిలబడేది విద్యార్థే.

వారాల నుంచి వెబ్‌సైట్ల దాకా

సర్కారు సాయం లేని చదువు తెలుగునాట కొత్త కాదు. రోజుకో ఇంట వారాలు చేసుకుని చదివిన తరం ఒకటుంది. కులాలవారీగా వెలసిన వసతి గృహాలు మరో తరాన్ని నిలబెట్టాయి. హైదరాబాదులో రాజా బహదూర్ వెంకటరామరెడ్డి చొరవతో 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. నాడు తెలిసినవారి సిఫారసు కావలసి వచ్చేది. ఇప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్లో ఉంటుంది. కానీ అది ఉందన్న సంగతి చెప్పేవారే మారుమూల మండలాల్లో కరవు. కాబట్టి సిఫారసు అవసరం పూర్తిగా పోయిందనుకోలేము.

పదో తరగతి నుంచే మొదలు

వీటిలో ముందుగా చెప్పుకోవలసింది విద్యాధన్. ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు ఎస్.డి. శిబులాల్, ఆయన సతీమణి కుమారి శిబులాల్ 1999లో నెలకొల్పిన సరోజినీ దామోదరన్ ఫౌండేషన్ దీన్ని నిర్వహిస్తోంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమలులో ఉంది. పదో తరగతిలో 90 శాతం మార్కులు (దివ్యాంగులకు 75 శాతం), కుటుంబాదాయం రూ.2 లక్షల లోపు ఉంటే ఇంటర్ రెండేళ్లూ ఏటా రూ.10 వేలు ఇస్తారు. పరీక్ష, ముఖాముఖి ఉంటాయి. మొత్తం చిన్నదిగా తోచవచ్చు. అసలు ప్రయోజనం తరువాత ఉంది. ఇంటర్‌లో రాణించినవారికి డిగ్రీ, ఇంజినీరింగు, వైద్య విద్యలోనూ సాయం కొనసాగే అవకాశముంది. ఇంజినీరింగు సీటు వచ్చాక విద్యాధన్ కోసం వెతికేవారు అప్పటికే రెండేళ్లు ఆలస్యమయ్యారన్నమాట. పదో తరగతి ఫలితాల రోజున ఈ సంగతి చెప్పవలసినవారు ప్రధానోపాధ్యాయులే.

వృత్తి విద్యకు వచ్చేసరికి ఫౌండేషన్ ఫర్ ఎక్సలెన్స్ ఉంది. అమెరికాలో స్థిరపడిన ప్రభు గోయల్, పూనం గోయల్ దంపతులు 1994లో ప్రారంభించారు. ప్రవేశ పరీక్ష ర్యాంకుతో ఇంజినీరింగు, వైద్యం వంటి కోర్సుల్లో మొదటి ఏడాది చేరి, కుటుంబాదాయం రూ.3 లక్షలు మించనివారిని పరిశీలిస్తుంది. ప్రభుత్వ పరిమితి రూ.2.50 లక్షలకూ, ఈ రూ.3 లక్షలకూ మధ్య చిక్కుకున్న చిరువ్యాపారులు, ప్రైవేటు గుమస్తాల పిల్లలకు ఇది దగ్గరి దారి.

ప్రవాసాంధ్రులకు సుపరిచితమైన నార్త్ సౌత్ ఫౌండేషన్‌ది వేరే కథ. డాక్టర్ చిట్టూరి రత్నం 1989లో స్థాపించిన ఈ సంస్థ అమెరికాలో భారతీయ సంతతి పిల్లలకు స్పెల్లింగు, గణిత పోటీలు నిర్వహిస్తుంది. వాటి ద్వారా వచ్చే నిధులు ఇక్కడి పేద విద్యార్థుల ఉపకార వేతనాలకు తోడవుతాయి. అక్కడి పిల్లవాడు కఠిన పదాల అక్షరాలు వల్లిస్తే ఇక్కడొకరి ఫీజుకు ఆసరా అవుతోంది.

ఆదాయం కాస్త ఎక్కువైనవారికి

రిలయన్స్ ఫౌండేషన్ ఏటా అయిదువేల మంది డిగ్రీ విద్యార్థులకు, కోర్సు కాలమంతటికీ కలిపి రూ.2 లక్షల వరకు ఇస్తోంది. ఆదాయ పరిమితి రూ.15 లక్షలు. అయినా రూ.2.50 లక్షల లోపువారికే ప్రాధాన్యం. ఇంటర్‌లో 60 శాతం మార్కులుండి, రెగ్యులర్ డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండాలి. ఏ కోర్సయినా ఫరవాలేదు. అర్హత పరీక్ష తప్పనిసరి.

బాలికలకు కోటక్ కన్య ఉంది. ఇంటర్‌లో 75 శాతం మార్కులు, రూ.6 లక్షల లోపు ఆదాయం, గుర్తింపు పొందిన సంస్థలో వృత్తి విద్య మొదటి ఏడాది సీటు ఉంటే చదువు ముగిసేదాకా ఏటా రూ.1.50 లక్షలు ఇచ్చే పథకమిది. పోటీ తీవ్రం. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ప్రభుత్వ పాఠశాలల్లో పది, ఇంటర్ చదివి డిగ్రీ లేదా డిప్లొమా మొదటి ఏడాదిలో చేరిన అమ్మాయిలకు ఏటా రూ.30 వేలు ఇస్తోంది. 2025-26లో దీని పరిధిలో తెలంగాణ ఉంది. రాష్ట్రాల జాబితాను ఏటా చూసుకోవాలి.

తండ్రి మరణమో, ఉద్యోగం ఊడటమో, పెద్ద జబ్బో చదువు మధ్యలో మీద పడితే? పైన చెప్పినవాటిలో అధికభాగం అప్పటికి మూసుకుపోయి ఉంటాయి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు పరివర్తన్ పథకం ఇలాంటి ఇళ్లను ప్రత్యేకంగా పరిగణిస్తుంది. ఆదాయం రూ.2.50 లక్షల లోపుండి, గత మూడేళ్లలో ఆపద ఎదురైన కుటుంబాల పిల్లలకు ప్రాధాన్యమిచ్చి కోర్సును బట్టి రూ.75 వేల వరకు ఇస్తుంది. దాని తరువాత మిగిలేది కళాశాల పూర్వ విద్యార్థుల సంఘమే. సిగ్గుపడకుండా అడగడం మేలు.

కాగితాల దగ్గర జాగ్రత్త

తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం అన్నింటికీ మూలం. జులైలో ప్రవేశాల రద్దీ మొదలయ్యాక దరఖాస్తు చేస్తే గడువు దాటిపోతుంది. మేలోనే తీసుకోవాలి. పథకం కోసం ఆదాయం తగ్గించి రాయించుకునే అలవాటు మన దగ్గర ఉన్నదే. ప్రైవేటు సంస్థలు బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతాయి, కొన్ని ఇంటికి మనిషిని పంపుతాయి. అక్కడ తేడా కనిపిస్తే దరఖాస్తు చెల్లదు. మార్కుల పత్రాలు, సీటు కేటాయింపు పత్రం, బోనఫైడ్, కట్టిన రుసుము రసీదు, విద్యార్థి పేరిటే బ్యాంకు ఖాతా ముందే సిద్ధం చేసుకోవాలి. పైన పేర్కొన్న సంస్థలేవీ దరఖాస్తు రుసుము వసూలు చేయవు. 'స్కాలర్‌షిప్పు మంజూరైంది, రెండువేలు పంపండి' అని ఫోను వస్తే మోసమని గ్రహించాలి.

బకాయి సాకుతో అసలు ధ్రువపత్రాలు ఆపడం చాలాచోట్ల జరుగుతోంది. వాటిని అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులోనే ప్రకటించింది. పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలి. చేరే రోజున కళాశాలకు ఏవేవి అప్పగించారో రాయించి సంతకంతో రసీదు తీసుకుంటే, తరువాత విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు చేయవలసి వస్తే అదే ఆధారమవుతుంది.