20 డాలర్ల ఇయర్‌ఫోన్ వెనుక 130 ఏళ్లు

2022లో రెండు చైనా కంపెనీలు కొద్ది నెలల తేడాతో చెరో ఇయర్‌ఫోన్ మార్కెట్లోకి తెచ్చాయి. మూన్‌డ్రాప్ వారిది ‘చూ’, సెవెన్ హెర్ట్జ్ వారిది ‘సాల్‌నోట్స్ జీరో’. రెండింటి ధరా 20 డాలర్ల దగ్గరే. అప్పటి మారకంలో పదిహేను, పదహారు వందల రూపాయలు. అంతకు పదేళ్ల ముందు ఆ డబ్బుకు దొరికే సరుకులో దరువు దంచి వదిలేది, పాట మాటలు దాని కింద నలిగిపోయేవి. ఈ రెండింటిలో గొంతు గొంతులా, వాద్యం వాద్యంలా వినిపించింది. వేలకు వేలు పోసి కొన్నవాళ్లు కూడా పక్కన పెట్టి పోల్చి చూసుకునే పరిస్థితి వచ్చింది.

విడిభాగాలు చవకయ్యాయి కాబట్టి ఇది సాధ్యమైందనుకుంటే సగం నిజమే. చెవిలో పట్టే బుల్లి స్పీకర్ చేయడం ఒక ఎత్తు. ఒక ప్రశ్నకు జవాబు కనుక్కోవడం మరో ఎత్తు: చెవి రంధ్రాన్ని మూసేశాక కర్ణభేరికి ఎలాంటి ధ్వని అందిస్తే మనిషికి సహజంగా వినిపిస్తుంది? ఆ జవాబు వెతికినవాళ్లలో మొదటివాళ్లకు పాటలతో పనే లేదు.

ఆపరేటర్ తల మీది బరువు

టెలిఫోన్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఎక్స్‌చేంజీలో కూర్చునే ఆపరేటర్ రోజంతా రిసీవర్ మోయాలి. ఫ్రాన్స్‌కు చెందిన ఇంజనీరు ఎర్నెస్ట్ మెర్కాడియర్ ఈ బరువు తగ్గించడానికి పూనుకున్నాడు. 1891లో ఆయనకు అమెరికాలో పేటెంటు దక్కిన ‘బై-టెలిఫోన్’ 50 గ్రాములకు మించదు. రెండు చిన్న రిసీవర్లు, వాటిని కలిపే తీగ, చెవిలోకి దూరే కొసలకు రబ్బరు తొడుగులు. ఆ రబ్బరు ఎందుకో పేటెంటులోనే రాశాడు: చెవి ఒరుసుకుపోకుండా, బయటి చప్పుడు లోపలికి రాకుండా. ఈనాటి ఇన్-ఇయర్ ఫోన్ చేసే రెండు పనులూ అందులో ఉన్నాయి. లేనిదల్లా మంచి ధ్వని. అయితే టెలిఫోన్ తీగ మీద వచ్చే మాటకు అంతకంటే అక్కర్లేదు.

ఆ తర్వాత చాలా కాలం హెడ్‌ఫోన్ తల మీదే పెరిగింది. 1910లో యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ తన వంటగదిలో తయారు చేసినవి అమెరికా నౌకాదళానికి చేరాయి. 1958లో మిల్వాకీలో జాన్ కాస్ స్టీరియో సంగీతం కోసమే హెడ్‌ఫోన్ చేశాడు. 1979 జులైలో సోనీ వాక్‌మన్ వచ్చి సంగీతాన్ని వీధిలోకి తెచ్చాక, తల మీది పట్టీ కూడా బరువనిపించింది. 1982లో అదే కంపెనీ పట్టీ తీసేసి, చెవి గూట్లో ఆనించుకునే చిన్న బిళ్లలు విడుదల చేసింది. ఇవి చెవిని మూయవు. అందుకే బస్సు ఇంజను మోత పాటతో పాటే వినిపిస్తుంది, దాన్ని మించడానికి వాల్యూమ్ పెంచాలి. బేస్ సంగతి చెప్పనక్కర్లేదు: చిల్లు కుండలో నీళ్లలా సందుల్లోంచి కారిపోతుంది.

జవాబు దొరికిన చోటు

చెవిని పూర్తిగా మూసి, ఆ మూసిన గదిలో ధ్వనిని సరిగా నింపడం నేర్చుకున్నది వినికిడి యంత్రాలవాళ్లు. వినికిడి యంత్రం అంటే మనం చెవి మిషన్ అనేదే. చికాగో ప్రాంతంలో 1946లో హ్యూ నోల్స్ స్థాపించిన కంపెనీ చెవి మిషన్లకు కావలసిన అతి చిన్న స్పీకర్లు చేసేది. వాటి పద్ధతి పేరు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్. అయస్కాంతాల నడుమ సన్నని లోహపు నాలుక ఉంటుంది. దాని చుట్టూ ఉన్న తీగచుట్టలో విద్యుత్తు మారినప్పుడల్లా నాలుక అటూ ఇటూ ఊగి, దానికి కట్టిన పొరను కదుపుతుంది. చాలా తక్కువ విద్యుత్తుతో నడుస్తుంది, చిటికెన వేలి గోరు మీద పడుతుంది.

స్పీకర్ చిన్నదైతే సరిపోదు, అది చెవిలో ఏం చేస్తోందో కొలవాలి. బతికున్న మనిషి కర్ణభేరి దగ్గర మైకు పెట్టి రోజూ కొలవలేరు కదా. 1970లో అమెరికాలోని సిరాక్యూస్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ జ్విస్లాకీ కృత్రిమ చెవిని రూపొందించాడు. చిన్న లోహపు గొట్టం, చివర మైక్రోఫోన్, పక్కన కొలత ప్రకారం తొలిచిన గదులు. సగటు మనిషి చెవి ధ్వనికి ఎలా ఎదురు నిలుస్తుందో అది అలాగే నిలుస్తుంది. నోల్స్ కంపెనీలో బర్కార్డ్, సాక్స్ అనే ఇద్దరు దాన్ని సగటు కొలతల తల, మొండెం ఉన్న బొమ్మలో అమర్చారు. ఆ బొమ్మ పేరు కెమార్. 1981లో ఇలాంటి కృత్రిమ చెవికి ఐఈసీ 711 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇయర్‌ఫోన్ల లోకంలో ఈనాటికీ ‘711’ అంటే అదే.

ఈ కొలతల్లో తేలిన సంగతి ఒకటి మన కథకు కీలకం. చెవి కాలువ సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం, ఒక కొస తెరుచుకుని ఉంటుంది, రెండో కొసను కర్ణభేరి మూస్తుంది. అలాంటి గొట్టం 3,000 హెర్ట్జ్ దరిదాపుల్లోని ధ్వనిని తనంతట తానే పెంచుతుంది. చెవి డిప్ప ఆకారం కూడా తోడై, ఆ పెంపు 10 డెసిబెల్స్ దాటుతుంది. మాటలో హల్లులు స్పష్టంగా వినపడటంలో ఈ భాగానికి పెద్ద పాత్ర ఉంది. పుట్టినప్పటి నుంచి ఆ పెంపుతోనే వింటున్నాం కాబట్టి మనకు అదే సహజం. చెవిలో బిరడా పెట్టగానే గొట్టం తెరిచిన కొస మూసుకుంటుంది, పాత పెంపు పోతుంది. పోయినదాన్ని ఇయర్‌ఫోనే తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే గొంతు మొద్దుబారుతుంది, మరీ ఎక్కువిస్తే అరుపవుతుంది.

నోల్స్‌లో ఇరవయ్యేళ్లకు పైగా పనిచేసిన మీడ్ కిలియన్‌కు ఇది బాగా తెలుసు. చెవి మిషన్‌లోనూ హై-ఫై నాణ్యత సాధ్యమేనని ఆయన 1979 నాటి డాక్టరేట్ పరిశోధనలో చూపించాడు. 1983లో బయటికొచ్చి ఇలినాయ్‌లో ఎటిమోటిక్ రీసెర్చ్ స్థాపించాడు. మొదట వినికిడి పరీక్షలకు, పరిశోధనలకు చెవిలో పెట్టే ఫోన్లు చేశాడు. 1991లో సంగీతం వినేవారి కోసం ఈఆర్-4 వచ్చింది. ఒక చెవికి ఒకే ఆర్మేచర్, మూడంచెల రబ్బరు తొడుగు (టిప్), చెవిలోకి లోతుగా దిగే నాళం. బయటి చప్పుడును బాగా ఆపేది, 3,000 హెర్ట్జ్ దగ్గర పోయిన పెంపును లెక్క ప్రకారం తిరిగి ఇచ్చేది. ధర మాత్రం 330 డాలర్లు.

స్టేజీ మీదికి, జేబులోకి

రెండో దారి రాక్ సంగీతం వేదిక మీద నుంచి వచ్చింది. కచేరీలో పాడేవాళ్లకు తమ గొంతు తమకు వినపడటానికి ముందు పెద్ద స్పీకర్లు పెడతారు. డ్రమ్ముల పక్కన వాటిని ఎంత పెంచినా చాలదు, చెవులు దెబ్బతింటాయి. 1995లో వాన్ హేలెన్ బృందానికి ధ్వని చూసే జెర్రీ హార్వీ, డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ చెవి అచ్చు తీయించి, దాని కొలతతో రెండు డ్రైవర్ల (బుల్లి స్పీకర్ల) ఇయర్‌ఫోన్ చేశాడు. ఒకటి కింది స్వరాలకు, ఒకటి పై స్వరాలకు. అల్టిమేట్ ఇయర్స్ అలా పుట్టింది. మైకుల కంపెనీ షూర్ కూడా రెండేళ్లకు ఈ దారి పట్టింది.

2001 అక్టోబరులో ఐపాడ్ వచ్చాక జేబులో వెయ్యి పాటలున్న మనిషికి తోడిచ్చిన తెల్ల బిళ్లలు చాలలేదు. స్టేజీ సరుకు అంగళ్లకొచ్చింది. దాంతో పాటే ఒక లెక్క కూడా పాకింది: డ్రైవర్లు ఎన్ని ఎక్కువుంటే అంత గొప్ప, అంత ధర. రెండు, మూడు, ఆరు, పన్నెండు... చివరికి చైనాలో కేజెడ్ లాంటి కంపెనీలు ఆ ఆటను తలకిందులు చేశాయి. చెవికి అయిదు డ్రైవర్లతో 2018లో వచ్చిన కేజెడ్ జెడ్ఎస్10 ధర 50 డాలర్ల లోపే. డ్రైవర్ల సంఖ్య ఖరీదుకు కారణం కాదని తేలిపోయింది. నాణ్యతకు హామీ కూడా కాదని విన్నవాళ్లకు తెలిసింది. ఎన్ని పెట్టారన్న దానికంటే, అవన్నీ కలిసి కర్ణభేరికి ఏ స్వరాన్ని ఎంత ఇస్తున్నాయన్నదే ముఖ్యం.

గీత గీసినవాళ్లు

ఏ స్వరం ఎంతుండాలో చెప్పే గీత ఒకటి కావాలి. హార్మన్ అనే ఆడియో సంస్థలో షాన్ ఆలివ్ బృందం దాని మీద కూర్చుంది. 2017లో ప్రచురించిన పరిశోధనలో 30 రకాల ఇన్-ఇయర్ ఫోన్లను 71 మందికి వినిపించారు. ఏ బ్రాండో తెలిస్తే మనసు అటు మొగ్గుతుంది కాబట్టి ఒక ఉపాయం చేశారు. ఒకే మంచి ఇయర్‌ఫోన్ అందరి చెవుల్లో పెట్టి, మిగతా ముప్పయ్యింటి ధ్వనిని దాని ద్వారానే అనుకరించి వినిపించారు. వినడంలో శిక్షణ ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ ఎక్కువగా మెచ్చింది ఆ బృందం గీసిన గీతకు సరిపోయే ధ్వనినే. గీతకు ఎంత దూరం జరిగితే మార్కులు అంత తగ్గాయి.

అదే ఏడాది జెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలను వాటి అమ్మకపు ధరలతో పోల్చి చూశాడు. చెవి మీదివీ, చెవిలోవీ అన్నీ అందులో ఉన్నాయి. స్వరాల సమతూకానికీ ధరకూ సంబంధం కనిపించలేదు. ఎక్కువ పోసినవాడికి గీతకు దగ్గరైన ధ్వని దొరుకుతుందన్న భరోసా లేదన్నమాట.

ఇక కొలిచే పరికరం. ప్రయోగశాలలకే పరిమితమైన 711 కృత్రిమ చెవికి చైనాలో చవక నకళ్లు వచ్చాయి. ఔత్సాహికులు బల్ల మీదే కొలవడం మొదలుపెట్టారు. సింగపూర్‌కు చెందిన సమీక్షకుడు క్రినకుల్ వందల ఇయర్‌ఫోన్లను ఒకే పద్ధతిలో కొలిచి, ఆ గీతలు ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాడు. కంపెనీ ఏం చెప్పినా గీత బయటపడుతుంది. గుర్తింపు కావాలనుకున్న కంపెనీలు గీత సరిదిద్దుకున్నాయి. తర్వాత అదే సమీక్షకుడిని పిలిచి ధ్వని దిద్దించుకున్నవీ ఉన్నాయి. 2023 నాటి సెవెన్ హెర్ట్జ్ జీరో రెండో రూపం అలా వచ్చిందే. సమీక్ష చదివేటప్పుడు ఈ చుట్టరికం కూడా గుర్తుంచుకోవాలి. మొత్తం మీద ఒకప్పుడు 330 డాలర్ల పెట్టెలో ఉన్న జ్ఞానం అందరి సొత్తయింది. మామూలు స్పీకర్ తరహా డైనమిక్ డ్రైవర్ ఒక్కదానితో, గాలి రంధ్రాలూ జాలీలూ సరిగ్గా సవరించి ఆ గీతకు దగ్గరగా రావచ్చని 20 డాలర్ల సరుకు చూపించింది.

కొనేవాళ్లకు

ఈ కథ తెలిస్తే ఎంపిక సులువు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ముందుగా చెవిలో పెట్టి వినే వీలు దాదాపు ఉండదు. కాబట్టి కొనేముందు కొలత గీత చూడండి. 3,000 హెర్ట్జ్ దగ్గర గుట్ట ఉండాలి, అది మరీ కొండ కాకూడదు. 8,000 హెర్ట్జ్ దాటాక గీతను పట్టుకుని వాదించొద్దు. అక్కడ కృత్రిమ చెవి సొంత ప్రతిధ్వని కలుస్తుంది, అసలు చెవులు మనిషికో తీరుగా ఉంటాయి.

కొన్నాక మొదటి పని టిప్స్ మార్చి చూడటం. మూడు సైజులిస్తే మూడూ పెట్టండి. కుడి చెవికి ఒకటి, ఎడమకు మరొకటి సరిపోవచ్చు. బేస్ లేదని నచ్చక పక్కన పడేసిన ఇయర్‌ఫోన్లలో చాలావాటి తప్పు డ్రైవర్‌ది కాదు, టిప్ పక్క సందుది. తర్వాత మీకు కంఠతా వచ్చిన పాట పెట్టండి. మృదంగం తొప్పి వైపు మోత విడిగా వినిపించాలి. గాయని ‘శ’, ‘స’ పలికినప్పుడు చెవిలో గుచ్చకూడదు. ఈ రెండూ కుదిరితే పెద్ద లోపాలు లేనట్టే.

తీగ ఊడదీసి మార్చుకునేది దొరికితే అదే తీసుకోండి, ముందు పాడయ్యేది తీగే. మూన్‌డ్రాప్ కూడా మొదటి చూలో అతికించిన తీగ పెట్టి, 2023 నాటి రెండో రూపంలో రెండు పిన్నులతో ఊడేలా మార్చింది. ఫోనుకు 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లేకపోతే చిన్న టైప్-సి అడాప్టర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. వైర్‌లెస్ హాయే గానీ, అందులోని చిటికెడు బ్యాటరీకి ఆయుష్షు కొన్నేళ్లే. పైగా అదే ధరలో బ్లూటూత్ రేడియోకూ ఛార్జింగ్ డబ్బాకూ వాటా పోతుంది.

చెవి బాగా మూసుకునే ఇయర్‌ఫోన్‌తో ఇంకో లాభం ఉంది. చప్పుడు లోపలికి రాదు కాబట్టి వాల్యూమ్ తగ్గించి వినొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ కలిసి పెట్టిన ప్రమాణం ప్రకారం పెద్దలకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు హద్దు. అలాగని వీటితో రోడ్డు దాటొద్దు, బండి నడపొద్దు. వెనక నుంచి వచ్చే హారన్ కూడా అంత బాగానే ఆగిపోతుంది.

రెండు వేల రూపాయల లోపు మంచి ధ్వని దొరుకుతుంది. ఆపై పెట్టే ప్రతి రూపాయీ దేనికో అడిగి పెట్టండి: గట్టి లోహపు ఒళ్లా, చెవికి మెత్తగా అమరే ఆకారమా, నచ్చిన తీరులో కాస్త మారిన స్వరమా, పేరా? ఏదైనా సరే, డబ్బు మీది, ఇష్టం మీది. మంచి ధ్వని కావాలంటే ఇంత పోయక తప్పదని ఎవరైనా అంటే మాత్రం, కొలత గీత చూపించమనండి.